ఓవర్‌హెడ్ ఖర్చును వస్తువులకు పంచడం ఎలా: లెక్కలతో సహా సమగ్ర మార్గదర్శి

ఒక పంపు తయారీకి ఎంత ఇనుము పట్టిందో తూకం వేసి చెప్పవచ్చు. దాన్ని బిగించిన కార్మికుడికి ఎన్ని గంటలు పట్టిందో జాబ్ కార్డు (ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసే చీటీ) చెబుతుంది. మరి ఫ్యాక్టరీ అద్దె, సూపర్‌వైజర్ జీతం, మెషీన్ల తరుగుదల (వాడకంతో తగ్గే విలువ), స్టోర్స్ గుమస్తా, మరమ్మతు సిబ్బంది, కాపలా? వీటిలో ఒక్కో పంపు వంతు ఎంతో ఏ కాగితం మీదా రాసి ఉండదు. అయినా ఆ డబ్బంతా పంపులు అమ్మితేనే తిరిగి రావాలి. వంతు తప్పుగా వేస్తే లాభం తెచ్చే వస్తువు నష్టపు ఖాతాలో కనిపిస్తుంది, నష్టం తెచ్చేది గొప్పగా కనిపిస్తుంది. ధరలు, కొటేషన్లు, ఏ వస్తువు కొనసాగించాలన్న నిర్ణయం అన్నీ దాన్ని బట్టే నడుస్తాయి. అందుకే ఈ లెక్కను అకౌంట్స్ గదిలోనే తేల్చేయకూడదు. ఖర్చు ఎక్కడ, ఎవరి కారణంగా పుడుతోందో షాపులోకి, అంటే పని జరిగే చోటికి, వెళ్లి చూసి తేల్చాలి.

మొదటి నుంచి చివరి వరకు ఒకే ఊహా ఫ్యాక్టరీని ఉదాహరణగా తీసుకుందాం. అది రెండు రకాల పంపులు చేస్తుంది. మామూలు పంపులు ఏడాదికి 9,000. కొనుగోలుదారు కోరిన కొలతలకు చేసే ప్రత్యేక పంపులు 500. ఏడాది ఓవర్‌హెడ్ 60 లక్షలు. ఏ దేశపు డబ్బు అనుకున్నా లెక్క మారదు.

మొదటి మెట్టు: ఏది ఓవర్‌హెడ్, ఏది కాదు

ఫలానా వస్తువు కోసమేనని వేలు పెట్టి చూపించగలిగిన ఖర్చు ప్రత్యక్ష ఖర్చు. చూపించలేనిది పరోక్ష ఖర్చు, అంటే ఓవర్‌హెడ్. గీత ఇంత సూటిగా కనిపించినా అంచుల దగ్గర తెలివిగా వ్యవహరించాలి. పంపుకు వేసే గ్రీజు, చిన్న మేకులు, వాషర్లు నిజానికి ప్రత్యక్ష ఖర్చే. వాటిని పంపు పంపుకూ లెక్కపెట్టడానికి అయ్యే శ్రమ వాటి విలువ కంటే ఎక్కువ కాబట్టి ఓవర్‌హెడ్‌లో కలిపేస్తారు. అందులో తప్పు లేదు.

ఓవర్‌టైమ్ విషయంలో మాత్రం ఆగి ఆలోచించాలి. కొనుగోలుదారు తొందరపెట్టినందువల్ల అదనపు రేటు ఇవ్వాల్సి వస్తే, ఆ అదనం ఆ ఆర్డరుకే చెందుతుంది. ఫ్యాక్టరీలో పని పేరుకుపోయి అందరూ ఆలస్యంగా ఉంటే అది ఓవర్‌హెడ్. సాయంత్రం ఆరు తర్వాత మెషీన్ మీదకు ఏ పంపు వచ్చిందన్నది కేవలం వరుస. దాని మీద అదనం మోపడం అన్యాయం.

తర్వాత ఉత్పత్తి ఓవర్‌హెడ్‌ను, పరిపాలన, అమ్మకాల ఖర్చుల నుంచి విడదీయాలి. నిల్వ సరుకుకు విలువ కట్టేటప్పుడు అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 అమ్మకాల ఖర్చునూ, ఉత్పత్తితో సంబంధం లేని పరిపాలన ఖర్చునూ, అసాధారణ వృథానూ అందులో కలపనివ్వదు. తయారైన సరుకును గోదాములో ఉంచే ఖర్చూ కలవదు. తర్వాతి దశ తయారీకి తప్పనిసరి అయిన నిల్వకే మినహాయింపు. ధర నిర్ణయించేటప్పుడు ఇవన్నీ రాబట్టాల్సిందే కాబట్టి, నిల్వ విలువకు ఒక లెక్క, ధరకు ఒక లెక్క మొదటి రోజు నుంచే వేరుగా పెట్టుకోండి. మన 60 లక్షలు ఉత్పత్తి ఓవర్‌హెడ్ మాత్రమే.

రెండో మెట్టు: ఏడాదికి ముందే బడ్జెట్

కరెంటు బిల్లు నెల తర్వాత వస్తుంది. బీమా ఏడాదికోసారి కడతారు. పెద్ద మరమ్మతు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అసలు ఖర్చు తేలేదాకా ఆగితే కొటేషన్ ఇవ్వలేరు. నెల నెలా అసలు ఖర్చును పంచితే, సెలవులు ఎక్కువున్న నెలలో చేసిన పంపు ఖరీదైనదిగా, పక్క నెలలో చేసిన అదే పంపు చవకైనదిగా తేలుతుంది. కాబట్టి రాబోయే ఏడాది ఖర్చు, రాబోయే ఏడాది పని గంటలు (ఏ గంటలు తీసుకోవాలో ఏడో మెట్టులో చూద్దాం) రెండూ ముందే అంచనా వేసి, ఒక రేటు కట్టి, ఏడాదంతా దాన్నే వాడతారు. అసలుకూ అంచనాకూ వచ్చిన తేడాను చివర్లో సర్దుతారు.

మూడో మెట్టు: ఖర్చును విభాగాలకు చేర్చడం

ఖర్చును నేరుగా పంపుల మీద వేయకుండా, ముందు అది పుట్టిన విభాగానికి చేర్చాలి. మన ఫ్యాక్టరీలో ఉత్పత్తి విభాగాలు రెండు: మెషీన్ షాపు, అసెంబ్లీ. వాటికి సేవ చేసేవి రెండు: మెయింటెనెన్స్, స్టోర్స్. ఒకే విభాగానికి చెందిన ఖర్చు, ఉదాహరణకు ఆ విభాగపు సూపర్‌వైజర్ జీతం, మొత్తంగా దానికే వెళ్తుంది. అందరూ కలిసి వాడుకునే ఖర్చును తగిన ఆధారం మీద పంచాలి.

అద్దెకు ఆధారం ఆక్రమించిన స్థలం. యంత్రాల తరుగుదల, బీమాకు యంత్రాల విలువ. సిబ్బంది సంక్షేమానికి మనుషుల సంఖ్య. కరెంటుకు విభాగానికో మీటరు ఉంటే అంతకంటే మంచిది లేదు. లేకపోతే మోటార్ల హార్స్‌పవర్‌ను నడిచిన గంటలతో గుణించి ఆ నిష్పత్తిలో పంచండి. హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే, వారానికోసారి నడిచే పెద్ద మోటారు మీద మోయలేని భారం పడుతుంది.

ఈ నాలుగు విభాగాలకు వరుసగా స్థలం 4,000, 3,000, 1,000, 2,000 చదరపు అడుగులు, కరెంటు వాటా 70, 15, 10, 5 శాతం, యంత్రాల విలువ 50, 10, 5, 5 లక్షలు అనుకుంటే లెక్క ఇలా తేలుతుంది (అంకెలు లక్షల్లో):

| ఖర్చు | మెషీన్ షాపు | అసెంబ్లీ | మెయింటెనెన్స్ | స్టోర్స్ | మొత్తం |
|---|---|---|---|---|---|
| సొంత ఖర్చు | 9.0 | 6.7 | 5.2 | 3.1 | 24 |
| అద్దె | 4.8 | 3.6 | 1.2 | 2.4 | 12 |
| కరెంటు | 7.0 | 1.5 | 1.0 | 0.5 | 10 |
| తరుగుదల, బీమా | 10.0 | 2.0 | 1.0 | 1.0 | 14 |
| మొత్తం | 30.8 | 13.8 | 8.4 | 7.0 | 60 |

అడ్డంగా కూడినా నిలువుగా కూడినా 60 రావాలి. రాకపోతే ముందుకు వెళ్లకండి. చిన్న తేడానే కదా అని వదిలేస్తే అది చివరి మెట్టు దాకా వెంట వస్తుంది.

నాలుగో మెట్టు: సేవా విభాగాలను ఖాళీ చేయడం

మెయింటెనెన్స్ గుండా, స్టోర్స్ గుండా పంపులేవీ వెళ్లవు. కాబట్టి వాటి ఖర్చు వాటి సేవ అందుకున్న విభాగాలకు చేరాలి. చిక్కేమిటంటే ఇవి ఒకదానికొకటి కూడా సేవ చేసుకుంటాయి. మెయింటెనెన్స్ పనిలో 70 శాతం మెషీన్ షాపుకు, 20 శాతం అసెంబ్లీకి, 10 శాతం స్టోర్స్‌కు. స్టోర్స్ పనిలో మెషీన్ షాపుకు 40, అసెంబ్లీకి 40, మెయింటెనెన్స్‌కు 20 శాతం.

పరస్పర సేవను పూర్తిగా లెక్కలోకి తీసుకోవాలంటే రెండు సమీకరణాలు చాలు. మెయింటెనెన్స్ పూర్తి ఖర్చు = 8.4 + స్టోర్స్ పూర్తి ఖర్చులో 20 శాతం. స్టోర్స్ పూర్తి ఖర్చు = 7.0 + మెయింటెనెన్స్ పూర్తి ఖర్చులో 10 శాతం. సాధిస్తే మెయింటెనెన్స్ 10 లక్షలు, స్టోర్స్ 8 లక్షలు. మెయింటెనెన్స్ నుంచి మెషీన్ షాపుకు 7, అసెంబ్లీకి 2 లక్షలు వెళ్తాయి. స్టోర్స్ నుంచి చెరి 3.2 లక్షలు. చివరికి మెషీన్ షాపు ఖర్చు 41 లక్షలు, అసెంబ్లీ ఖర్చు 19 లక్షలు.

ఈ పరస్పర సేవను అసలు పట్టించుకోకుండా, మెయింటెనెన్స్‌ను 7:2గా, స్టోర్స్‌ను సగం సగంగా ఉత్పత్తి విభాగాలకే పంచితే ఎంత వస్తుంది? మెషీన్ షాపుకు 40.83, అసెంబ్లీకి 19.17. మొత్తం 60 లక్షల్లో తేడా 17 వేలు కూడా లేదు. పరీక్షల్లో ఈ సమీకరణాలకు పేజీలకు పేజీలు కేటాయిస్తారు. నా అభిప్రాయంలో చాలా ఫ్యాక్టరీలకు ఇక్కడ సులువైన పద్ధతే సరిపోతుంది. సేవా విభాగాలు ఎక్కువై, ఒకదాని మీద ఒకటి గట్టిగా ఆధారపడినప్పుడే సమీకరణాల అవసరం. మీ సమయం రాబోయే రెండు మెట్లకు దాచుకోండి. ఫలితాన్ని నిజంగా మార్చేవి అవే.

ఐదో మెట్టు: రేటు కట్టడం

ఇప్పుడు ప్రతి ఉత్పత్తి విభాగం ఖర్చునూ ఒక కొలమానంతో భాగించాలి. ఏ కొలమానం? ఆ విభాగంలో ఖర్చును నడిపించేది ఏదో అదే. మెషీన్ షాపు ఖర్చులో ఎక్కువ భాగం కరెంటు, తరుగుదల, మరమ్మతులు. అవి యంత్రం నడిచిన కొద్దీ పుడతాయి కాబట్టి మెషీన్ గంటలు. అసెంబ్లీలో చేతి పని ఎక్కువ కాబట్టి శ్రమ గంటలు. ఇది కొత్త ఆలోచన కాదు. యంత్రాల ఖర్చును కూలి మీద కాక ఆయా యంత్రాలు నడిచిన గంటల మీద వేయాలని ఇంజినీరు అలెగ్జాండర్ హామిల్టన్ చర్చ్ 1901లోనే వరుస వ్యాసాలు రాశారు.

ముడిసరుకు విలువలో ఇంత శాతం, కూలిలో ఇంత శాతం అని వేసే పద్ధతులూ ఉన్నాయి. సులువుగా ఉంటాయి గానీ నేను వాటిని సిఫారసు చేయను. రాగి ధర పెరిగితే ఆ పంపు మీద పడే అద్దె వంతు పెరిగిపోతుంది, షాపులో మాత్రం ఏ మార్పూ ఉండదు. అలాగే అనుభవం ఉన్న కార్మికుడు పని త్వరగా ముగించినా జీతం ఎక్కువ కాబట్టి అతని చేతిలో తయారైన పంపు మీద ఓవర్‌హెడ్ ఎక్కువ పడవచ్చు. ధరల ఒడిదుడుకులు అంటకుండా ఉండాలంటే గంటలే నయం.

మెషీన్ షాపులో ఏడాదికి 20,500 మెషీన్ గంటలు: 41 లక్షలు ÷ 20,500 = గంటకు 200. అసెంబ్లీలో 19,000 శ్రమ గంటలు: 19 లక్షలు ÷ 19,000 = గంటకు 100.

మామూలు పంపుకు 2 మెషీన్ గంటలు, 2 శ్రమ గంటలు పడతాయి. ఓవర్‌హెడ్ 400 + 200 = 600. ప్రత్యేక పంపుకు 5 మెషీన్ గంటలు, 2 శ్రమ గంటలు. ఓవర్‌హెడ్ 1,000 + 200 = 1,200. సరిచూద్దాం: 9,000 × 600 = 54 లక్షలు, 500 × 1,200 = 6 లక్షలు. మొత్తం 60.

విభాగాలన్నీ ఎందుకు, ఫ్యాక్టరీ అంతటికీ ఒకే రేటు పెడదాం అనుకుంటే? 60 లక్షలను 19,000 శ్రమ గంటలతో భాగిస్తే గంటకు దాదాపు 316. రెండు పంపులకూ శ్రమ గంటలు రెండేసి కాబట్టి రెండింటి మీదా 632 పడుతుంది. ప్రత్యేక పంపు రెండున్నర రెట్లు ఎక్కువసేపు యంత్రాన్ని ఆక్రమించిన సంగతి ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. ఒకే రేటు పనికొచ్చేది ఒకే రకం వస్తువు చేసే చోట, లేదా వస్తువులన్నీ విభాగాలను ఒకే నిష్పత్తిలో వాడుకునే చోట.

ఆరో మెట్టు: గంటలు చెప్పని ఖర్చులను పట్టుకోవడం

మెషీన్ షాపులో ఒక పూట నిలబడి చూడండి. మామూలు పంపు బాడీలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తుంటాయి. ప్రత్యేక పంపు వంతు రాగానే మెషీన్ ఆగుతుంది. ఫిక్స్చర్ (ముక్కను కదలకుండా పట్టి ఉంచే బిగింపు) విప్పుతారు, కొత్తది బిగిస్తారు, టూల్ మారుస్తారు, మొదటి ముక్క కోసి కొలతలు చూస్తారు, మళ్లీ సరిచేస్తారు. ఇంత చేసి పది ముక్కలు తీసి మళ్లీ విప్పేస్తారు. ఈ సెట్టింగు ఖర్చు పంపుల సంఖ్యను బట్టీ రాదు, గంటలను బట్టీ రాదు, ఎన్నిసార్లు మార్చారన్న దాన్ని బట్టి వస్తుంది. కొనుగోలు ఆర్డర్లు, డ్రాయింగు మార్పులు కూడా ఇలాంటివే.

అకౌంటింగ్ ఆచార్యులు రాబిన్ కూపర్, రాబర్ట్ కాప్లన్ 1980ల చివర్లో ప్రాచుర్యంలోకి తెచ్చిన కార్యకలాపాల ఆధారిత పద్ధతి, వాడుకలో ఏబీసీ (యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్), ఈ గమనింపు మీదే నిలబడింది. ఖర్చులు నాలుగు అంతస్తుల్లో పుడతాయి. యూనిట్ కొద్దీ వచ్చేవి కొన్ని, బ్యాచ్ కొద్దీ వచ్చేవి కొన్ని. ఒక రకం వస్తువును ఉత్పత్తి జాబితాలో ఉంచుకున్నందుకు వచ్చేవి కొన్ని. ఫ్యాక్టరీ తెరిచి ఉన్నందుకే వచ్చేవి ఇంకొన్ని. మొదటి మూడింటికి కారణం వెతకవచ్చు. నాలుగోదాన్ని ఎంత తెలివిగా పంచినా అది అంచనాయే.

చేయాల్సింది ఇది. విభాగాల్లోని మనుషులను కూర్చోబెట్టి అడగండి: వారంలో ఏమేం చేస్తారు, ఏ పనికి ఎంత సమయం పోతుంది, ఏది పెరిగితే మీ పని పెరుగుతుంది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబే మీరు వెతుకుతున్న ఆధారం. మన ఫ్యాక్టరీలో అలా అడిగితే 60 లక్షల్లో 16.1 లక్షలు మూడు పనులకు చెందినవని తేలిందనుకుందాం.

సెట్టింగు: 8.1 లక్షలు. మామూలు పంపులు 225 చొప్పున 40 బ్యాచ్‌లు, ప్రత్యేక పంపులు 10 చొప్పున 50 బ్యాచ్‌లు. మొత్తం 90, ఒక్కో సెట్టింగుకు 9,000. కొనుగోలు ఆర్డర్లు: 5 లక్షలు, 400 ఆర్డర్లు, ఒక్కోదానికి 1,250. వాటిలో మామూలు పంపులవి 144, ప్రత్యేక పంపులవి 256. డ్రాయింగు మార్పులు: 3 లక్షలు, 40 మార్పులు, ఒక్కోదానికి 7,500. మామూలు పంపులవి 6, ప్రత్యేక పంపులవి 34.

మిగిలిన 43.9 లక్షల్లో 28.7 మెషీన్ షాపుది, గంటకు 140. అసెంబ్లీది 15.2, గంటకు 80. ఇప్పుడు ఒక్కో పంపు మీద:

| | మామూలు పంపు | ప్రత్యేక పంపు |
|---|---|---|
| మెషీన్ గంటలు | 280 | 700 |
| శ్రమ గంటలు | 160 | 160 |
| సెట్టింగు | 40 | 900 |
| కొనుగోలు ఆర్డర్లు | 20 | 640 |
| డ్రాయింగు మార్పులు | 5 | 510 |
| మొత్తం | 505 | 2,910 |

ఖర్చు అదే 60 లక్షలు (45.45 + 14.55). ప్రత్యేక పంపు ఒక లెక్కలో 632, ఇంకో లెక్కలో 1,200, మరో లెక్కలో 2,910. మొదటి లెక్క నమ్మి ధర పెట్టిన ఫ్యాక్టరీకి ప్రత్యేక ఆర్డర్లు వెల్లువలా వస్తాయి, ఎందుకంటే ఇంకెవరూ అంత చవకగా ఇవ్వలేరు. మామూలు పంపుల్లో పోటీదారులు ఆ ఫ్యాక్టరీని కిందికి నెట్టేస్తారు. పని పెరుగుతుంది, లాభం తగ్గుతుంది, కారణం మాత్రం దొరకదు. చిన్న లాట్లలో, రకరకాలుగా చేసే వస్తువులు పెద్ద లాట్ల వస్తువుల నీడలో దాక్కోవడం ఈ రంగంలో మళ్లీ మళ్లీ కనిపించే పొరపాటు.

ఏబీసీకి ఉన్న ఇబ్బంది దాన్ని నిలబెట్టుకోవడం. ఏటా అందరినీ మళ్లీ అడగాలి, వాళ్లు చెప్పే శాతాలు ఎప్పుడూ నూటికి నూరే అవుతాయి, ఖాళీ సమయం ఎవరూ చెప్పరు. ఇందుకు కాప్లన్, స్టీవెన్ ఆండర్సన్ 2004లో సమయాధారిత పద్ధతిని ముందుకు తెచ్చారు. అందులో రెండే ప్రశ్నలు: ఈ విభాగం నిమిషానికి ఖర్చు ఎంత, ఈ పనికి ఎన్ని నిమిషాలు? కొనుగోలు విభాగం ఏడాదికి నిజంగా పని చేయగలిగేది 2,00,000 నిమిషాలు అనుకుంటే నిమిషానికి 2.50. పాత సరఫరాదారుకు పంపే ఆర్డరుకు 150 నిమిషాలు పడితే 375. కొత్త భాగం కోసం సరఫరాదారును వెతికి తెప్పించే ఆర్డరుకు 600 నిమిషాలైతే 1,500. పనులన్నీ కలిపి 1,80,000 నిమిషాలే తేలితే, మిగిలిన 20,000 నిమిషాల ఖర్చు, అంటే 50,000, ఏ పంపు మీదా పడదు. అది వాడని సామర్థ్యంగా విడిగా కనిపిస్తుంది. నిమిషాలు లెక్కించేటప్పుడు జీతం ఇచ్చిన సమయమంతా తీసుకోకండి. విరామాలు, శిక్షణ, సమావేశాలు పోగా దాదాపు 80 శాతం మిగులుతుందన్నది సాధారణంగా వాడే అంచనా.

ఏడో మెట్టు: హారంలో ఏ గంటలు?

రేటు కట్టేటప్పుడు పైన ఉండే ఖర్చు మీదే అందరి చూపూ ఉంటుంది. ప్రమాదం కింద ఉండే గంటల్లో ఉంది. వచ్చే ఏడాది ఆర్డర్లు తగ్గి 16,400 మెషీన్ గంటలే నడుస్తాయని అంచనా వేశారనుకోండి. ఖర్చు అదే 41 లక్షలైతే రేటు 200 నుంచి 250 అవుతుంది. పంపు ఖరీదైనట్టు కనిపిస్తుంది, ధర పెంచుతారు, ఆర్డర్లు ఇంకా తగ్గుతాయి, రేటు మళ్లీ పెరుగుతుంది. ఈ సుడిలో పడి మంచి వస్తువులను మానుకున్న సంస్థలు ఉన్నాయి. ఖాళీగా ఉన్న మెషీన్ ఖర్చును నడుస్తున్న పంపుల మీద వేయడమే దీనికి మూలం.

అందుకే హారంలో సాధారణ సామర్థ్యాన్ని పెట్టాలి. అంటే మామూలు పరిస్థితుల్లో, మెయింటెనెన్స్‌కు పోయే సమయం తీసేసి, కొన్నేళ్ల సగటున అందుకోగల గంటలు. స్థిర (ఉత్పత్తి పెరిగినా తగ్గినా మారని) ఉత్పత్తి ఓవర్‌హెడ్‌కు ఐఏఎస్ 2 కోరేది కూడా ఇదే. ఉత్పత్తి తగ్గినందుకు మిగిలిపోయిన స్థిర ఖర్చు నిల్వ సరుకు విలువలోకి ఎక్కకూడదు, ఆ కాలపు ఖర్చుగా రాయాలి. ఉత్పత్తి అసాధారణంగా పెరిగితే మాత్రం ఒక్కో యూనిట్ వంతు తగ్గించాలి, లేకపోతే నిల్వ అసలు ఖర్చు కంటే ఎక్కువ విలువ చూపిస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఏడాది చివర సర్దుబాటు

ఏడాది గడిచింది. అసలు ఓవర్‌హెడ్ 61.5 లక్షలు అయింది. మెషీన్ గంటలు 19,000, శ్రమ గంటలు 18,000 నడిచాయి. విభాగాల రేట్లతో పంపుల మీద వేసినది 38 + 18 = 56 లక్షలు. 5.5 లక్షలు తక్కువ వసూలైంది.

ఈ 5.5 లక్షలను ఒకే ముద్దగా రాసేయకండి, విడదీయండి. అసలు ఖర్చు బడ్జెట్ కంటే 1.5 లక్షలు పెరిగింది. అది ధరల వల్లా, దుబారా వల్లా అన్నది విచారించాలి. ఓవర్‌హెడ్ అంతా స్థిర ఖర్చే అనుకుంటే మిగతా 4 లక్షలు గంటలు తగ్గినందుకు వచ్చినవి: మెషీన్ షాపులో 1,500 గంటలకు 3 లక్షలు, అసెంబ్లీలో 1,000 గంటలకు ఒక లక్ష. ఆ 4 లక్షలు నేరుగా లాభనష్టాల ఖాతాకు వెళ్తాయి. 1.5 లక్షలు మీ పరిమాణానికి చిన్నవైతే అమ్మిన సరుకు ఖర్చులో కలిపేయవచ్చు. పెద్దవైతే తయారీలో ఉన్న సరుకు, తయారైన సరుకు, అమ్మిన సరుకు మూడింటికీ, వాటిలో ఇప్పటికే ఉన్న ఓవర్‌హెడ్ నిష్పత్తిలో పంచాలి.

ఈ అంకెను దేనికి వాడాలి, దేనికి వాడకూడదు

ప్రత్యేక పంపు మీద 2,910 పడింది కదా అని దాన్ని మానేస్తే 14.55 లక్షలు ఆదా అవుతాయా? కావు. అద్దె అలాగే ఉంటుంది, తరుగుదల అలాగే ఉంటుంది, సెట్టింగు చేసే మనిషి జీతం అలాగే ఉంటుంది. ఆ స్థలం, ఆ యంత్రం, ఆ మనిషి ఇంకో పనికి ఉపయోగపడితేనో, లేదా ఆ ఖర్చును నిజంగా తీసేస్తేనో ఆదా. అలాగే యంత్రాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారికి వచ్చే అదనపు ఆర్డరును 505 ఆధారంగా తిరస్కరించడం పొరపాటు. ఆ ఆర్డరు వల్ల కొత్తగా పుట్టే ఖర్చెంతో అదే చూడాలి. మామూలు కొనుగోలుదారులకు ఇచ్చే ధర మీద దాని ప్రభావం పడకుండా చూసుకుంటే చాలు.

2,910 చెప్పేది ఎక్కడ చేయి పెట్టాలో. బ్యాచ్ 10 నుంచి 25కు పెంచగలిగితే సెట్టింగులు 50 నుంచి 20కి తగ్గుతాయి, అదే రేటున ఒక్కో పంపు మీద 900 కాస్తా 360 అవుతుంది. ఫిక్స్చర్లను త్వరగా మార్చే ఏర్పాటు చేస్తే ఒక్కో సెట్టింగు ఖర్చే తగ్గుతుంది. వేర్వేరు ప్రత్యేక పంపుల్లో ఒకే భాగాలు వాడేలా డిజైన్ విభాగాన్ని ఒప్పిస్తే 256 ఆర్డర్లు కుదించుకుపోతాయి. ఇవేవీ కుదరకపోతే ఆర్డరుకో సెట్టింగు రుసుము, కనీస పరిమాణం కొటేషన్‌లోనే రాయండి. కొనుగోలుదారు పది చొప్పున తెప్పించుకోవడం మాని ఒకేసారి యాభై అడగడం మొదలుపెట్టవచ్చు.

రేట్లను ఏడాదికోసారి తిరగరాయడం మామూలు పద్ధతి. కొత్త యంత్రం వచ్చినా, ఒక విభాగం పని బయటికి ఇచ్చినా, ఉత్పత్తుల వరుస గణనీయంగా మారినా ఏడాది పూర్తయ్యేదాకా ఆగవద్దు. చేతి పనిని యంత్రానికి అప్పగించిన మరుసటి రోజు నుంచి అసెంబ్లీలో శ్రమ గంటల రేటు అర్థం కోల్పోతుంది. తగ్గిపోయిన గంటల మీద పెరిగిన తరుగుదల పడి, మిగిలిన కార్మికులు చేసే ప్రతి పనీ దుబారాగా కనిపిస్తుంది. అక్కడ మొదట మార్చాల్సింది కొలమానం. రేటు ఆ తర్వాత.